కంపవాత రోగికి పరిచర్య

వృద్ధుల చేతులు వణకుట ముసలితనమునకు సహజమేయని మనలో ననేకులు తలచెదరు. ప్రతి వణుకును కంపవాతము కాదు. కంపవాతము కేవలము ముసలితనమును కాదు. అది మెదడునకు కలుగు వ్యాధి. లండను నగర వైద్యుడగు జేమ్సు పార్కిన్సను 1817వ సంవత్సరమున దీని లక్షణములను వర్ణించి యొక చిన్న గ్రంథమును ప్రకటించెను. అందుచే పాశ్చాత్య వైద్యులు దీనిని ఆయన పేరనే పిలుచుచున్నారు.

మెదడు లోపలి భాగమున నల్లని వన్నెగల కణములు కొన్ని కలవు. అవి డోపమైను అను పదార్థమును పుట్టించును. అవయవములు మన యిచ్ఛననుసరించి చక్కగా కదలుటకు ఆ పదార్థ మావశ్యకము. ఆ కణములు క్రమముగా నశించినకొలది చేతులు వణకును, కండరములు బిగియును, నడక మందగించును. ముఖము చలనము తగ్గి బొమ్మవలె నగుపడును. దానిని చూచి రోగికి కోపమో నిర్లక్ష్యమో కలిగినదని మనము తలపరాదు. ముఖము పలుకకున్నను లోపలి మనస్సు ప్రేమించుచునే యుండును.

ఈ వ్యాధికి ముఖ్యౌషధము లీవోడోపా. 1937లో మద్రాసునందు దామోదరన్, రామస్వామి యను పరిశోధకులు దీనిని దూలగొండి గింజలనుండి వేరుచేసిరి. ఇది కంపవాతమునకు ఉపకరించునని 1960వ సంవత్సరము తరువాతనే తేలినది. అట్లని వైద్యుని యడుగక ఆ గింజలను తినరాదు. వానియందు మందు పాలు ఒక్కతీరుగా నుండదు.

వ్యాధి ముదిరినపుడు ఒక్కొక్క మాత్ర పనిచేయు కాలము తగ్గిపోవును. వేళ తప్పినచో రోగి కొయ్యవలె బిగిసిపోవును. మందు మిక్కుటమైనచో అవయవములు వానంతట నవియే మెలికలు తిరుగును. కావున గడియారము చూచి మందిచ్చుటయే పరిచర్యలో మొదటి పని. పప్పు, పాలు, మాంసము మొదలగు వానిలోని మాంసకృత్తులు కొందరిలో మందును లోనికి పోనీయవు. అందుచే భోజనమునకు అరగంట ముందుగా మాత్ర నిచ్చుట మేలు. మందును హఠాత్తుగా మాన్పించుట ప్రాణాపాయకరము. వేరొక జబ్బుకై ఆసుపత్రిలో చేర్చినపుడు మందు వేళలను అక్కడివారికి వ్రాసి యీయవలెను. వాంతులకిచ్చు మెటోక్లోప్రమైడు వంటి మందులు ఈ రోగమును హెచ్చించునని కూడ తెలుపవలెను.

1987లో ఫ్రాన్సు దేశమందలి గ్రెనోబులులో బెనాబిదు అను వైద్యుడు మెదడులోనికి సన్నని తీగెలను పంపి, విద్యుత్తుచే వణుకు నడంచు పద్ధతిని ప్రారంభించెను. అది కొందరికి గొప్ప మేలు చేయును. మతి తప్పినవారికి తగదు. వ్యాధిని నిర్మూలించు చికిత్స మాత్రము నేటికిని లేదు. కావుననే పరిచర్యకు ఇంత విలువ.

రోగి మ్రింగుట కష్టమైనపుడు అన్నము ఊపిరితిత్తులలోనికి జారి జ్వరము తెచ్చును. నిటారుగా కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము వంచించి, చిన్న ముద్దలు నిదానముగా పెట్టవలెను. నడచుచు నడచుచు కాళ్లు నేలకంటుకొన్నట్లు నిలిచిపోయినచో చేయి పట్టి లాగరాదు; ఒకటి, రెండు అని లెక్కించుచు అడుగు వేయింపవలెను, లేదా నేలపై గీత గీసి దాటుమనవలెను. పడకనుండి లేచునపుడు తల తిరుగును గనుక కొంతసేపు కూర్చుండనిచ్చి లేపవలెను. మంచము పట్టినవారిని తరచుగా ప్రక్క మార్చనిచో పుండ్లు పడును. లేని మనుష్యులు కనబడుచున్నారని రోగి చెప్పినచో పరిహసింపక, వెంటనే డాక్టరునకు తెలుపవలెను. మందుల వలనను అట్లు జరుగవచ్చును.

ఇంత పనియు ఇంటిలో సాధారణముగా ఒక్క తల్లి మీదనో కోడలి మీదనో పడును. ఆమె నిద్రలేక కృశించినచో ఇద్దరు రోగులగుదురు. కావున ఇంటివారందరును వంతులు వేసికొని చేయవలెను.

విద్యార్థులారా! తాతగారికి వేళకు మాత్ర నందించుట, ఆయన తడబడు మాటను తొందరపెట్టక వినుట మీకును సాధ్యములే. తలిదండ్రులను సన్మానింపవలెనను దైవాజ్ఞను మనము బడిలో వల్లించుచున్నాము. దానిని ఆచరించుటకు వణకుచున్న ఆ చేయి పట్టుకొనుటకంటె దగ్గరి త్రోవ లేదు.