తెల్లబిళ్ల మోసే తల్లి

ఉద్దానం వైపు పాత పెంకుటిళ్లలో గోడ క్యాలెండరు కాస్త కదిపితే చాలు, వెనక నక్కిన సాలీడు చటుక్కున పక్కకు జరుగుతుంది. కాళ్లు చాపితే అరచేయంత. ఇది గూడు అల్లదు. దీపాలు ఆరాక బొద్దింకల వేటకు దిగుతుంది. "ఒరే, సంపకు, బొద్దింకల్ని తింటాది" అని ముసలమ్మలు చీపురుకు అడ్డుపడేది అందుకే. 1767లో లిన్నేయస్ పేరు పెట్టిన హెటెరోపోడా వెనటోరియా ఇదే. ఓడ సరుకుల్లో, అరటిగెలల్లో దాక్కుని ఉష్ణదేశాలన్నీ చుట్టేసింది. సిక్కోలు గోడైనా హవాయి గోడైనా దానికొకటే.

ఆడది ఒక్కోసారి పొట్ట కింద రూపాయి బిళ్లంత తెల్లటి సంచి పట్టుకుని తిరుగుతుంది. అందులో 200 దాకా గుడ్లుండొచ్చు. అసలు వింత ఏమిటంటే, చిన్నప్పుడే పట్టి డబ్బాలో ఒంటరిగా పెంచిన సాలీడు కూడా, మగదాని మొహమే చూడకుండా, ఇంత బిళ్లనూ నేసేస్తుంది. గుడ్లు తయారవడానికి ఒంట్లో సత్తువ ఉంటే చాలు. మగది ఇచ్చిన వీర్యాన్ని ఆడది పొట్టలోని చిన్న తిత్తుల్లో దాచుకుంటుంది. గుడ్లు బయటికొచ్చే వేళకే ఆ రెండూ కలుస్తాయి. తిత్తి ఖాళీ అయినా గుడ్లు ఆగవు, సంచి అల్లకమూ ఆగదు.

గోడ మీంచి పెద్దదాన్ని పట్టి తెచ్చుకున్నవాళ్లు మాత్రం "మగదే లేదుగా" అని ధీమాగా ఉండకూడదు. అది ఎప్పుడో దాచుకున్నది మిగిలి ఉంటే డబ్బా నిండా పిల్లలే! చెట్టు తొర్రల్లో బతికే మన టరాంటులాల తీరు వేరు. 1899లో పోకాక్ వర్ణించిన గుత్తి నీలి సాలీడైనా, 2006లో పేరు పొందిన తూర్పు కనుమల పొయిసిలోథీరియా టైగ్రినావెసెలి అయినా, ఆడవి పెద్దయ్యాక కూడా కుబుసం విడుస్తాయి. దాంతోపాటు తిత్తి లోపలి పొరా ఊడిపోతుంది, దాచినదంతా పోతుంది. ఆ తర్వాత మళ్లీ మగది కలవకుండా పెట్టిన గుడ్లు వట్టివే. (వీటిని అడవి నుంచి తేవాలన్న ఆలోచనే వద్దు. ఈ ప్రజాతి అంతర్జాతీయ వ్యాపారంపై 2019 నుంచి నియంత్రణ ఉంది.)

ఇక మన గోడ సాలీడు సంగతి. గుడ్లు వట్టివని మనకు తెలిసినా దానికి తెలియదు. వేరే సాలీళ్లూ అంతే. నాగావళి, చంపావతి ఆయకట్టు వరిచేలల్లో సుడిదోమను తినే తోడేలు సాలీడు సంచిని వెనక తగిలించుకుని పరిగెత్తుతుంది. ఆ కుటుంబానికే చెందిన ఫ్రాన్సు సాలీడు దగ్గర సంచి లాక్కుని, బదులుగా బెండు ఉండ ఇచ్చి చూశాడు ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త ఫాబర్. అది దాన్నే తగిలించుకుని కాపలా కాసింది.

కాబట్టి సంచి లాక్కోకండి. మోస్తున్నన్నాళ్లూ అది తిండి ముట్టదు. అప్పుడు డబ్బాలో బతికున్న పురుగును వదిలితే మేలు చేసినట్టు కాదు, విసిగించినట్టే. కావలసినవి చీకటి మూల, అటూ ఇటూ కుదపని డబ్బా, మూతలో కొన్ని నీళ్లు. గుడ్లు పెట్టినదానికి పొట్ట ముడతలు పడటం మామూలే, కంగారు అక్కర్లేదు. దాహం తీర్చుకుంటే చాలు.

కొన్నాళ్లకు వట్టి గుడ్లు ఎండి ఒకదానికొకటి అంటుకుంటాయి, తేమ ఎక్కువైతే బూజు పడతాయి. తల్లి బిళ్లను వదిలేస్తుంది, లేదా తానే తినేస్తుంది. తింటే రోత పడకండి, పోసిన సత్తువలో కొంత తిరిగి రాబట్టుకుంటోంది. వదిలేసినది మాత్రం బూజు పాకకముందే పట్టకారుతో తీసేయాలి. ఆ తర్వాత మొదట మెత్తటి చిన్న బొద్దింక ఒకటి వేయండి, రాత్రిపూట. తెల్లారేసరికి తినకుండా వదిలేస్తే తీసేసి, రెండ్రోజులాగి మరొకటి వేయండి. ఒళ్లు కోలుకున్నాక ఇంకో బిళ్ల నేయనూవచ్చు. మగది లేకపోతే అదీ వట్టిదే.