మైకు కింద పెట్టి వెళ్ళిపోయిన అమ్మాయి

21 ఏళ్ళకి మన ఆడపిల్లలు ఏం చేస్తుంటారు? డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తుంటారు. ఉద్యోగాలకి అప్లికేషన్లు పెడుతుంటారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో సంబంధాలు వెతుకుతుంటారు. సరిగ్గా ఆ వయసులో జపాన్‌లో ఒక అమ్మాయి 'రిటైర్' అయిపోయింది! అప్పటికే ఆమె పేరు మీద 31 సింగిల్ రికార్డులు, డజనుకి పైగా సినిమాలు, టీవీ సీరియళ్ళు ఉన్నాయి. ఆమె పేరు మొమొయే యామగుచి. 'మొమొయే' అన్న పేరు రాసే అక్షరాలకి 'నూరు వరాలు' అని అర్థం.

ఆమె కథ ఎవరు చెప్పినా 'ప్రేమ కోసం కీర్తినంతా వదులుకుంది' అన్న ఒక్క వాక్యంతో తేల్చేస్తారు. ఆడది ఎంత ఎత్తుకెదిగినా చివరికి ఇల్లే స్వర్గమని చెప్పడానికి కొందరికి ఆమె ఉదాహరణ. 'అంత ప్రతిభ పెట్టుకుని వంటింట్లోకా!' అని ఇంకొందరి బాధ. కానీ 13వ ఏట మొదలుపెట్టి 21వ ఏట దాకా ఆ పిల్ల నడిచిన దారి చూస్తే, ఈ రెండు మాటలూ సరిపోవనిపిస్తుంది.

తల్లి రెక్కల కష్టం

1959 జనవరి 17న టోక్యోలో పుట్టింది మొమొయే. పెరిగింది మాత్రం యొకొసుకాలో. అమెరికన్ నౌకాదళ స్థావరం ఉన్న రేవు పట్టణం అది. తండ్రికి అప్పటికే వేరే కుటుంబం ఉంది. తల్లే మొమొయేనీ, చెల్లెలినీ రెక్కలు ముక్కలు చేసుకుని పెంచింది. ఇంటి పరిస్థితి తెలిసిన పిల్ల కనక స్కూల్లో చదువుతూనే పేపర్లు వేసింది.

ఆ రోజుల్లో నిప్పన్ టీవీలో 'స్టార్ తంజో' అనే కార్యక్రమం వచ్చేది. అంటే 'తార పుట్టింది' అని. కొత్త గాయకుల కోసం పెట్టిన పోటీ అది. ఫైనల్స్‌లో పిల్లలు స్టేజి మీద నిలబడితే, ఎదురుగా రికార్డు కంపెనీల వాళ్ళు, ఏజెన్సీల వాళ్ళు కూర్చుని, నచ్చిన పిల్ల కోసం తమ పేరున్న బోర్డు పైకెత్తేవాళ్ళు. వేలంపాట గుర్తొస్తోంది కదూ! 1972 డిసెంబరులో 13 ఏళ్ళ మొమొయే ఆ స్టేజి ఎక్కి రెండో స్థానంలో నిలిచింది. హొరిప్రో అనే ఏజెన్సీ ఆమెను తీసుకుంది. 1973 మేలో మొదటి రికార్డు విడుదలైంది. అదే పోటీలోంచి వచ్చిన మసాకొ మోరి, జుంకొ సకురాదాలతో కలిపి ఈ ముగ్గురికీ పత్రికలు ఒక జట్టు పేరు కూడా పెట్టేశాయి. ముగ్గురూ మన తొమ్మిదో తరగతి చదివే వయసు పిల్లలే.

ఇలాంటి పిల్లల్ని జపాన్ వాళ్ళు 'ఐదొరు' అంటారు. ఇంగ్లీషు 'ఐడల్' అక్కడ అలా మారింది. గొంతు గొప్పగా ఉండాలనేం లేదు, పక్కింటి పిల్లలా ఉంటే చాలు. కళ్ళెదుట పెరుగుతున్న పిల్లని చూసుకుని అభిమానులు మురిసిపోతారు. ఏ పాట పాడాలి, ఏ బట్టలు కట్టుకోవాలి, ఎలా నవ్వాలి, ఏ రోజు ఎక్కడుండాలి... అన్నీ పెద్దవాళ్ళు కూర్చుని నిర్ణయిస్తారు.

పచ్చి కాయ

మొదటి రికార్డు అంతంత మాత్రంగా ఆడింది. దాంతో ఏజెన్సీ ఎత్తుగడ మార్చింది. 1973 సెప్టెంబరులో వచ్చిన రెండో పాట పేరుకి 'పచ్చి కాయ' అని అర్థం. పసి మొహం పెట్టుకుని, రెండర్థాలొచ్చే మాటలు పాడే అమ్మాయి! అది బాగా అమ్ముడుపోయింది. ఇంకేం, వరసగా అదే బాణీ. 1974 జూన్‌లో వచ్చిన 'హితొ నత్సు నో కెయికెన్', అంటే 'ఒక వేసవి అనుభవం', మరీ సంచలనమైంది. ఆడపిల్ల తనకున్న అతి విలువైనదాన్ని ప్రేమించినవాడికి ఇస్తాననడమే ఆ పాట సారాంశం. పాడిన పిల్లకి 15 ఏళ్ళు.

ఇప్పుడు తల్చుకుంటే కడుపులో తిప్పినట్టుంటుంది. ఆ పాట రాసిందీ, రాయించిందీ, అమ్మిందీ పెద్దవాళ్ళు. ఇబ్బందికరమైన ప్రశ్నలన్నీ మాత్రం ఆ పిల్లకే. 'ఆడపిల్లకి అన్నిటికంటే విలువైనది ఏమిటంటావు?' అని విలేకరులు నవ్వుకుంటూ అడిగేవాళ్ళు. ఆమె ఒకటే మాట చెప్పేది... 'మగొకొరొ'. అంటే నిజమైన మనసు.

ఎంత అందమైన జవాబో చూడండి! అడిగినవాళ్ళు తలొంచుకున్నారో లేదో గానీ, ఆ పిల్ల మాత్రం తలెత్తుకునే నిలబడింది. మన టీవీల్లో కూడా పిల్లల పాటల పోటీలు చూస్తుంటాం. పదేళ్ళ పిల్ల పెద్దవాళ్ళ పాటకి పెద్దవాళ్ళలా కళ్ళు తిప్పుతుంటే చప్పట్లు కొడుతుంటాం. ఆ మాటలకి అర్థం ఆ పిల్లకి ఎవరైనా చెప్పారా, చెబితే పాడతానంటుందా అని ఒక్కసారైనా ఆలోచిస్తున్నామా?

తెర మీద

1974 చివర్లో 'ఇజు నో ఒదొరికొ' సినిమాలో కథానాయికగా వేసింది. నోబెల్ బహుమతి పొందిన యసునారి కవాబాతా కథ అది. ఊరూరా తిరిగే ఆటగాళ్ళ బృందంలో ఒక చిన్న నర్తకి, దారిలో కలిసిన ఒక విద్యార్థి. అంతకుముందు హిబారి మిసొరా, సయురి యోషినాగా వంటి మహా తారలు వేసిన పాత్ర. ఇందులో విద్యార్థిగా వేసింది తొమొకజు మియురా. ఆమెకన్నా ఏడేళ్ళు పెద్ద. ఇద్దరూ మొదట కలిసింది ఒక వ్యాపార ప్రకటనలో. మొత్తం మీద ఈ జంట డజను సినిమాల్లో కలిసి నటించింది. మిషిమా, తనిజాకి వంటి పెద్ద రచయితల కథలు కూడా అందులో ఉన్నాయి.

టీవీలో 1975 - 76ల్లో వచ్చిన 'అకాయి గివకు' సీరియల్ అయితే ఇంటింటినీ ఏడిపించింది. రేడియేషన్ ప్రమాదం వల్ల రక్త కేన్సరు తెచ్చుకున్న సచికొ అనే అమ్మాయి కథ. రక్తం గ్రూపు చూసేసరికి ఆమె పుట్టుక రహస్యం బయటపడుతుంది. 1984లో ఇదే సీరియల్ చైనా టీవీలో వచ్చినప్పుడు కోట్లమంది చూశారు. సచికొ వేసుకున్న చొక్కా అక్కడ ఫ్యాషనైపోయింది. తమాషా ఏమిటంటే, అప్పటికి ఆమె నటన మానేసి నాలుగేళ్ళు దాటింది. కొత్త దేశంలో తార అయ్యేనాటికి తన దేశంలో ఒక పసివాడి తల్లి!

నా పాట ఎవరు రాయాలంటే...

ఈ కథలో అసలు మలుపు 1976. అప్పటికి ఆమెకి 17. యోకొ అకి, ర్యుదో ఉజాకి అనే భార్యాభర్తల చేత పాట చేయించమని మొమొయే తనే అడిగిందట. ఆయనది రాక్ సంగీతం, ఆమె మాటలు రాసేది. ఇద్దరూ ఐడల్ పాటల ప్రపంచానికి దూరంగా ఉన్నవాళ్ళు. వాళ్ళిచ్చిన పాట 'యొకొసుకా స్టోరీ'. ఆమె పెరిగిన ఊరి పేరే! జపాన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది.

అక్కణ్ణించి పాటల్లో అమ్మాయి మారిపోయింది. ఏదో ఇచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న పసిపిల్ల కాదు, ఎదురు తిరిగి మాట్లాడే యువతి. 1978లో వచ్చిన 'ప్లేబ్యాక్ పార్ట్ 2'లో ఎర్ర పోర్షా కారు తోలుకుంటూ ఒంటరిగా వెళ్తుంటుంది. వ్యాపార పేర్లు చెప్పకూడదన్నది ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె నియమం కనక అక్కడ 'ఎర్ర కారు' అని మార్చి పాడాల్సి వచ్చిందంటారు. ఆ ఏడాది డిసెంబరు 31 రాత్రి, దేశమంతా చూసే ఎన్‌హెచ్‌కె పాటల పోటీలో స్త్రీల జట్టు తరఫున చిట్టచివర పాడే గౌరవం ఆమెకి దక్కింది. పెద్ద పెద్ద గాయనీమణులకి దక్కే చోటు అది. ఆమెకి 19.

సెలవు

1979 అక్టోబరులో ఒసాకాలో కచేరీ చేస్తూ, స్టేజి మీదే, తను ప్రేమిస్తున్నది తొమొకజు మియురానని చెప్పేసింది. ఎవరో ఫొటో తీసి బయటపెట్టడం కాదు, తనే చెప్పింది. 1980 మార్చిలో పెళ్ళి వార్తతో పాటు పని మానేస్తున్నానన్న వార్తా ప్రకటించింది. అక్టోబరు 5న టోక్యోలోని నిప్పన్ బుదోకాన్‌లో చివరి కచేరీ. ఆఖరి పాట కన్నీళ్ళతో పాడి, తెల్లటి మైకుని స్టేజి మీద మెల్లిగా కింద పెట్టి వెళ్ళిపోయింది. నవంబరు 19న పెళ్ళి.

ఆ సెప్టెంబరులోనే ఆమె ఆత్మకథ 'అఒయి తొకి' వచ్చింది. 'నీలి కాలం' అని అర్థం. తారల పుస్తకాలు ఎవరో రాసిపెట్టడం మామూలే. ఆమె మాత్రం పట్టుబట్టి తనే రాసుకుంది. పుట్టుక, తండ్రి లేని ఇల్లు, ఆడదాని శరీరం, తనమీద రాతలు రాసిన పత్రిక కేసులో కోర్టుకెక్కి సాక్ష్యం చెప్పడం... పరువు పేరుతో మనం గుట్టుగా దాచుకునేవన్నీ 21 ఏళ్ళ పిల్ల తన పేరుతో రాసింది. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. ఆడదాని స్వతంత్రత అంటే బయటికెళ్ళి ఉద్యోగం చెయ్యడం ఒక్కటే కాదన్న అభిప్రాయమూ అందులో చెప్పింది.

వదులుకుందా? ఎంచుకుందా?

ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. ఆ రోజుల్లో జపాన్‌లో పెళ్ళయితే అమ్మాయి ఉద్యోగం మానేస్తుందని అందరూ అనుకునేవాళ్ళు. దానికో ముద్దు పేరు కూడా ఉంది, 'కొతొబుకి తాయిషా'. శుభమా అని రాజీనామా చెయ్యడం అన్నమాట! పెళ్ళయితే మానాలన్న షరతు చెల్లదని ఒక సిమెంటు కంపెనీ ఉద్యోగిని వేసిన కేసులో టోక్యో జిల్లా కోర్టు 1966లోనే తీర్పు చెప్పింది. అయినా ఆడామగా సమాన ఉద్యోగావకాశాల చట్టం 1985 దాకా రాలేదు. అలాంటి దేశంలో మొమొయే నిర్ణయం చూసి 'అదీ ఆడపిల్ల లక్షణం' అని మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళ మెప్పు వల్ల ఇంకెందరు అమ్మాయిలు ఇష్టం లేకపోయినా రాజీనామాలు రాశారో!

ఆమె వెళ్ళిన ఏడాదే సెయికొ మత్సుదా అనే 18 ఏళ్ళ అమ్మాయి రంగంలోకొచ్చింది. ఆమె 1985లో పెళ్ళి చేసుకుంది, 1986లో కూతుర్ని కంది, పాట మాత్రం మానలేదు. తల్లయ్యాక కూడా ఐడల్‌గా ఉన్నందుకు ఆమెకి 'మమదొరు' అని పేరొచ్చింది. ఒకరు మంచి, ఒకరు చెడ్డ అని తూకం వెయ్యడం ఎందుకు? సెయికొ పాడతానంది, పాడింది. మొమొయే చాలంది, మానింది.

నేనూ ఇంటిపట్టున ఉండేదాన్నే కనక చెబుతున్నా. ఇంట్లో ఉండటంలో గొప్పా లేదు, తక్కువా లేదు. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందన్నదే లెక్క. ఏ పాట పాడాలో కూడా చెప్పే హక్కు లేకుండా మొదలైన పిల్ల ఎనిమిదేళ్ళలో తన పాటని తనే ఎంచుకుంది, తన కథ తనే రాసుకుంది, చివరికి తను వెళ్ళే తేదీ కూడా తనే పెట్టుకుంది. 15వ ఏట 'మగొకొరొ' అని జవాబిచ్చిన నోరే 21వ ఏట 'ఇక చాలు' అంది.

కెమెరాలు ఏళ్ళ తరబడి ఆమె ఇంటి చుట్టూ తిరిగాయి. ఆమె మాత్రం మళ్ళీ మైకు పట్టుకోలేదు. ఇద్దరు కొడుకుల్ని పెంచింది. ఒకరు గాయకుడు, ఒకరు నటుడు అయ్యారు. తను మాత్రం గుడ్డముక్కలు కలిపి కుట్టడం నేర్చుకుంది. మన అమ్మమ్మలు కుట్టే బొంతల్లాంటి పనే, అక్కడ అదో పెద్ద కళ. రెయికొ వషిజావా అనే గురువు దగ్గర ముప్ఫై ఏళ్ళకి పైగా సాధన చేసి, 2019లో తన బొంతలతో ఒక పుస్తకం వేసింది. పేరు మొమొయే మియురా అని వేసుకుంది. పాత పేరుతో వేస్తే ఇంకెన్ని అమ్ముడుపోయేవో! కానీ ఏ పేరుతో వెయ్యాలో కూడా ఆమె ఇష్టమే కదా.