ఆపేవాడి ఆట

నేను లెఫ్ట్ కార్నర్‌ని. కబడ్డీ ఆడినవాళ్ళకి ఈ మాట చాలు. ఆడనివాళ్ళకి చెప్పాలంటే, కూతకొచ్చిన మనిషి మడమ దొరకబుచ్చుకుని, తోటివాళ్ళు వచ్చి మీద పడేదాకా వదలకుండా ఉండే మనిషిని. నాగార్జున యూనివర్సిటీ కాలేజీల పోటీల్లో ఆ చోటే ఆడాను. ఇప్పుడు పర్చూరు వైపు ఒక హైస్కూల్లో పీఈటీగా పిల్లలకి అదే నేర్పుతున్నాను.

సంక్రాంతికి మా పత్తి, మిరప ఊళ్ళల్లో కబడ్డీ పోటీలు పెడతారు. మైకులో కూతకెళ్ళినవాడి పేరు మారుమోగిపోతుంది. పట్టినవాడి పేరు ఎవరైనా అడిగితే తప్ప చెప్పరు. అది నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. పట్టు అంటే బలమని జనం అనుకుంటారు. పట్టు ఒక చదువు. ఈ సంగతి మా పిల్లలకి నచ్చజెప్పడానికి నేను ఎంచుకున్న కథ అమెరికాలో జరిగింది. అక్కడి ఫుట్‌బాల్‌లో ఎదుటివాణ్ణి ఆపడమే వృత్తిగా బతికిన ఒక భారతీయుడి కొడుకు కథ అది. అతని పేరు బ్రాండన్ చిల్లార్.

పది గజాల తగవు

"మేడం, తలకాయలకి హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారే, అదేం ఆటండీ?" అని మా తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. ముందు ఆట చెప్పాలి కదా.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ఎక్కువగా చేతుల్లోనే ఉంటుంది. జట్టుకి పదకొండు మంది. మైదానం వంద గజాలు, రెండు చివరలా పదేసి గజాల గమ్యస్థలం. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు వస్తాయి, పోలేకపోతే బంతి ఎదుటివాళ్ళ పాలు. గమ్యస్థలంలోకి బంతితో చేరితే ఆరు పాయింట్లు. బంతిని పట్టుకుని పరిగెత్తొచ్చు, లేదా క్వార్టర్‌బ్యాక్ అనే నాయకుడు దూరంగా ఉన్నవాడికి విసరొచ్చు.

మన కబడ్డీలో పట్టేవాడే అవసరమైతే కూతకీ వెళ్తాడు. అక్కడ అలా కుదరదు. దూకేవాళ్ళు వేరు, ఆపేవాళ్ళు వేరు. బంతి చేతులు మారగానే ఒక పదకొండు మంది బయటికి పోయి ఇంకో పదకొండు మంది వస్తారు. ఆపేవాళ్ళలో మూడు వరుసలు ఉంటాయి. ముందు వరుస భారీ మనుషులది. బండలాగుడు పోటీలో ఒంగోలు గిత్తలు ఎలా తల దించి, కాళ్ళు పాతి, ఒళ్ళంతా ముందుకు వాలుస్తాయో వాళ్ళూ అలాగే బరువు తోస్తారు. చివరి వరుసలో వేగం ఉన్నవాళ్ళు, దూరం నుంచి వచ్చే బంతిని అడ్డుకోవడానికి. ఈ రెంటికీ నడుమ నిలబడేవాళ్ళు లైన్‌బ్యాకర్లు. పరుగొస్తే ముందుకు దూకి పడెయ్యాలి, బంతి గాల్లోకి లేస్తే వెనక్కి పరిగెత్తి కాపు కాయాలి. చిల్లార్ చోటు అదే. ఆరడుగుల పైన మనిషి, నూట ఐదు కిలోలు దాటిన బరువు. ప్రో కబడ్డీలో మగవాళ్ళకి బరువు హద్దు 85 కిలోలు.

నడుము చెప్పే నిజం

లైన్‌బ్యాకర్ ముందు నేర్చుకునేది చూడటం. బంతి కదిలిన క్షణంలో అతను చూసేది బంతిని మోసేవాణ్ణి కాదు, ఎదుటి జట్టు ముందు వరుసలో నిలబడి అతన్ని కాచేవాళ్ళని. వాళ్ళు ముందుకు దూకారంటే చాలావరకు పరుగే. వెనక్కి అడుగేశారంటే నాయకుడు బంతి విసరబోతున్నాడని. ఒకడు వరుసలోంచి తప్పుకుని పక్కకి పరిగెత్తాడంటే బంతి కూడా అటే వస్తుంది. ఎదుటివాళ్ళకీ ఈ సంగతి తెలుసు గనక కావాలని తప్పుడు సైగలు ఇస్తారు. ఏది నిజమో తేల్చుకోవడానికి అతనికి ఉండేది ఒక్క క్షణం. అందుకే ఆ ఆటగాళ్ళు వారమంతా ఎదుటి జట్టు పాత ఆటల వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తారు.

ఇక పట్టే ఘడియ. మా పిల్లలకి నేను రోజూ చెప్పేదే అక్కడి కోచ్‌లూ చెప్తారు: నడుము చూడు. చెయ్యి మోసం చేస్తుంది, చూపు మోసం చేస్తుంది. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి. కూతకొచ్చినవాడు ఎడం కాలు జాపి కుడివైపు తప్పుకోబోతుంటే, ఆ సంగతి కాలికన్నా ముందు నడుములో తెలుస్తుంది. అది చదవగలిగిన చిన్న పిల్ల తనకన్నా పది కిలోలు ఎక్కువ బరువున్న అమ్మాయిని పట్టెయ్యడం నేను కళ్ళారా చూశాను.

చిల్లార్ నడిచిన దారి

బ్రాండన్ చిల్లార్ 1982లో పుట్టాడు. తండ్రి భారతీయుడు. పెరిగింది కాలిఫోర్నియాలో, శాన్‌డియేగోకి ఉత్తరాన కార్ల్స్‌బాడ్‌లో. లాస్‌ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయానికి ఆడాడు. 2004లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ ఎంపికల్లో నాలుగో విడతలో సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు అతన్ని తీసుకుంది. నాలుగో విడత అంటే తొలి రోజు పత్రికల్లో ఫొటోలు పడేవాళ్ళ జాబితా కాదు. అక్కడే నాలుగేళ్ళు ఆడి, 2008లో గ్రీన్ బే ప్యాకర్స్‌కి మారాడు.

ఈ ప్యాకర్స్ గురించి చెప్తే మా ఊరివాళ్ళు ఆశ్చర్యపోతారు. గ్రీన్ బే మన తెనాలి కన్నా చిన్న ఊరు. ఆ జట్టుకి కోటీశ్వరుడైన యజమాని లేడు. 1923 నుంచి వాటాలు కొన్న మామూలు జనమే దానికి సొంతదార్లు.

2009లో డామ్ కేపర్స్ అనే కోచ్ వచ్చి ఆ జట్టు కాపలా పద్ధతినే మార్చేశాడు. ముందు వరుసలో ముగ్గురు, వాళ్ళ వెనక నలుగురు లైన్‌బ్యాకర్లు. అంతకు ముందు వేరే కొలతల్లో ఆడినవాళ్ళు పాఠం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. చిల్లార్ నేర్చుకున్నాడు. ఆ ఏడాది చివర్లోనే జట్టు అతని ఒప్పందాన్ని పొడిగించింది. ఆ మరుసటి ఏడాది గాయాలు మీదపడ్డాయి. సీజను ముగియకముందే అతన్ని గాయపడినవాళ్ళ జాబితాలో చేర్చారు. 2011 ఫిబ్రవరి 6న ప్యాకర్స్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌ని 31-25తో ఓడించి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు. ఆ రోజు చిల్లార్ మైదానంలో దిగలేదు. జులైలో జట్టు అతన్ని వదులుకుంది. అప్పటికి అతనికి ఇంకా ఇరవై తొమ్మిది నిండలేదు.

ఆ ఆగస్టులోనే భారతదేశానికి అమెరికన్ ఫుట్‌బాల్ తేవాలని ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ పేరుతో ఒక ప్రయత్నం మొదలైంది. అందులో పెట్టుబడి పెట్టినవాళ్ళలో చిల్లార్ ఒకడు. హైదరాబాద్ స్కైకింగ్స్ పేరుతో మనకీ ఒక జట్టు ఉండేది. 2012లో తొలి సీజను ఆటలు కొలంబోలో జరిగాయి. ఆ లీగ్ నిలబడలేదు. అయినా తండ్రి దేశంలో ఈ ఆట పుట్టాలని అతను కోరుకోవడం నాకు గౌరవంగా అనిపిస్తుంది.

ఒంటికి పడే వెల

చిల్లార్ పెరిగిన కార్ల్స్‌బాడ్ పక్కనే ఓషన్‌సైడ్. ఆ ఊళ్ళో పెరిగిన జూనియర్ సావు కూడా లైన్‌బ్యాకరే. ఇరవై సీజన్లు ఆడిన మహా ఆటగాడు. 2012 మేలో, 43 ఏళ్ళ వయసులో ప్రాణం తీసుకున్నాడు. తర్వాత అతని మెదడుని పరీక్షించిన శాస్త్రవేత్తలు సీటీఈ అనే జబ్బు గుర్తించారు. తలకి ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ దెబ్బలు తగలడంతో మెదడు కణాలు పాడవడమే ఆ జబ్బు. 2017లో బోస్టన్ పరిశోధకులు, కుటుంబాలు దానం చేసిన 111 మంది జాతీయ ఫుట్‌బాల్ లీగ్ ఆటగాళ్ళ మెదళ్ళు పరీక్షిస్తే 110లో అది కనబడింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేసి ఉంటాయి గనక ఆటగాళ్ళందరికీ ఈ లెక్క వర్తించదు. కానీ పట్టించుకోకుండా ఉండటానికీ వీల్లేదు. హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది, లోపల మెదడు కుదుపుని ఆపలేదు. 2018 నుంచి తల దించి ఎదుటివాణ్ణి గుద్దడాన్ని లీగ్ తప్పుగా లెక్కిస్తోంది.

ఈ పాఠం మన ఊరి కోర్టుకీ పనికొస్తుంది. రేగడి నేల ఎండితే నెర్రెలిస్తుంది, గట్టిపడుతుంది. దాని మీద పిల్ల వెల్లకిలా పడితే తల తగులుతుంది. మేము ఇసుక, బాపట్ల వైపు మిల్లుల నుంచి తెచ్చిన ఊక పోసి, నీళ్ళు చల్లి కోర్టు మెత్తగా చేసుకుంటాం. పట్టేటప్పుడు తల పక్కకి, భుజం ముందుకు. తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట బందు. వాంతి, తూలడం, మతిమరుపు, తగ్గని తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రి. కప్పు పోయినా సరే. డాక్టరు సరే అనేదాకా ఆ పిల్లని దింపను.

ఆపేవాళ్ళ గౌరవం

అమెరికా జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో ఏడాదికి అత్యంత విలువైన ఆటగాడిగా ఇచ్చే ప్రధాన పురస్కారం ఇప్పటిదాకా ఆపేవాళ్ళలో ఇద్దరికే దక్కింది. 1971లో అలన్ పేజ్, 1986లో లారెన్స్ టేలర్. పేజ్ ముందు వరుస మనిషి. ఆడుతూనే లా చదివి 1978లో పట్టా తీసుకున్నాడు. 1993లో మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. ఆ కోర్టులో కూర్చున్న మొదటి నల్లజాతి న్యాయమూర్తి అతనే. మన దగ్గర 2018 ప్రో కబడ్డీ వేలంలో కోటి రూపాయల ధర అందుకున్న మొదటి ఆటగాడు ఇరాన్ దేశస్థుడు ఫజల్ అత్రాచలి. లెఫ్ట్ కార్నర్. ఆ వార్త పేపర్లో చదివి నేను మా స్కూలు బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను.

2028 లాస్‌ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంటుంది. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ సమావేశంలోనే దాన్ని ఆమోదించారు. జట్టుకి అయిదుగురు, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేర్వేరు పోటీలు. గుద్దడం, పడెయ్యడం ఉండవు. బంతి పట్టుకున్నవాళ్ళ నడుముకి వేలాడే పట్టీని లాగేస్తే ఆపినట్టే. నడుము చూడటం వచ్చిన పిల్లలు మా దగ్గర బోలెడంత మంది ఉన్నారు.

అయితే ఫిబ్రవరి, మార్చి వస్తే మిరప కోతలు. నా ఆటగత్తెల్లో కొందరు అమ్మ వెంట చేలోకి పోతారు, పొద్దుగూకేదాకా వంగే ఉంటారు. ఆ ఇళ్ళ అవసరం నాకు తెలుసు, తప్పుపట్టను. హెడ్మాస్టర్లనీ తల్లిదండ్రులనీ నేను అడిగేది ఒక్కటే. టైంటేబుల్లో రాసి ఉన్న ఆటల పీరియడ్‌ని లెక్కల పాఠానికి ఇచ్చెయ్యకండి. ఎదుటి మనిషి కదలిక చదివి, క్షణంలో నిర్ణయం తీసుకుని, పట్టినదాన్ని వదలకపోవడం కూడా చదువే. మా ఆడపిల్లలకి ఆ చదువు ఆ ఒక్క పీరియడ్‌లోనే దొరుకుతుంది.