తొక్కేది ఎనిమిది మంది, గెలిచేది ఒక్కడు

వనపర్తి జిల్లాలోని పెద్దమందడి నుంచి హైదరాబాద్ సుమారు 140 కిలోమీటర్లు. కొత్తకోట దగ్గర జాతీయ రహదారి ఎక్కి బస్సులో పోయినా మూడు గంటలు పడుతుంది. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ఇంత దూరం ఒక రోజు పని. దారి చదునుగా ఉంటే రేసర్లు మూడున్నర గంటల లోపే ముగించేస్తారు. మర్నాడు ఇంకో ఊరి నుంచి మళ్లీ బయల్దేరతారు. ఇట్లా 21 రోజులు పందెం, మధ్యలో రెండు రోజులు విశ్రాంతి, అంతా కలిపి సుమారు 3,400 కిలోమీటర్లు.

మన పల్లెల్లో సైకిలు ఎరగని ఇల్లు లేదు. హ్యాండిల్‌కు పాల క్యాన్లు తగిలించి, వెనక గడ్డిమోపు కట్టి, ముందు కడ్డీ మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టి తరాలుగా తొక్కుతున్నాం. కానీ సైకిలు తొక్కడమే ఉద్యోగంగా నెలనెలా జీతం తీసుకునేవాళ్లు ఉంటారన్న సంగతి మన దాకా రాలేదు. క్రికెటర్ ఎట్లా తయారవుతాడో ఏ ఊరి పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు: జిల్లా జట్టు, రంజీ, ఐపీఎల్. రోడ్డు సైకిల్ రేసర్ ఎట్లా తయారవుతాడంటే మాత్రం పెద్దవాళ్లు కూడా ‘కాళ్లలో సత్తువ ఉండాలి’ అని ఊరుకుంటారు. సత్తువ లేకుండా అయ్యేదేమీ లేదు, నిజమే. అయితే రేసర్‌ని తయారుచేసేది ఒంటరిగా తొక్కిన దూరం కాదు, గుంపు. ఈ ఒక్కటి అర్థమైతే మన దగ్గరి నుంచి ఇప్పటిదాకా ఎవరూ టూర్ దాకా ఎందుకు పోలేదో కూడా అర్థమవుతుంది.

ముందు గాలి సంగతి చూద్దాం. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోయే రేసర్ సత్తువలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపైతే ఆ ఖర్చు ఎనిమిది రెట్లవుతుంది. అదే ఇంకొకరి చక్రం వెనకే జానెడు ఎడంలో తొక్కితే సత్తువలో మూడో వంతు దాకా మిగులుతుంది. వంద మంది గుంపు నడిమధ్యన ఉన్నవాడికి ఇంకా సుఖం. అందుకే రోడ్డు రేసులో ఒంటరిగా ముందుకు ఉరికినవాణ్ణి, వాడెంత గట్టివాడైనా, గుంపు సాధారణంగా పట్టేస్తుంది. ఎండాకాలం ఎదురుగాలిలో బడి నుంచి ఒకరి వెనక ఒకరు ఇంటికి తొక్కిన పిల్లలకు ఈ లెక్క ఎవరూ చెప్పకుండానే తెలుసు.

వృత్తి అంతా ఈ లెక్క మీదే నిలబడింది. టూర్ డి ఫ్రాన్స్‌లో జట్టుకు ఎనిమిది మంది. గెలవాల్సిన నాయకుడు ఒక్కడు. తక్కిన ఏడుగురి పని ఆ ఒక్కణ్ణి గాలికి ఎదురు పోనీయకుండా, ఆకలికీ దాహానికీ వదలకుండా చివరి కొండ దాకా చేర్చడం. వాళ్లను ఫ్రెంచిలో దొమెస్తీక్‌లు అంటారు. ఆ పని ఎట్లా ఉంటుందో చూడండి. నీళ్లు అయిపోయాయి. దొమెస్తీక్ తొక్కుడు తగ్గించి గుంపు వెనక్కి, అక్కడి నుంచి జట్టు కారు పక్కకి జారుతాడు. డ్రైవర్ సీట్లో ఉన్న కోచ్ కిటికీలోంచి ఒక్కొక్క సీసా అందిస్తుంటే జెర్సీ వెనక జేబుల్లో, వీపు మీద, మెడ దగ్గర, ఎక్కడ పడితే అక్కడ కుక్కుకుంటాడు. అరలీటరు సీసాలు ఏడెనిమిదైతే నాలుగు కిలోల బరువు. నియమాల ప్రకారం రేసు సైకిలు కనీస బరువే 6.8 కిలోలు. ఆ మోతతో కార్ల వరుసను దాటి, ఇరుకు దారిలో గుంపు మొత్తాన్ని పక్క నుంచి దాటుకుంటూ ముందుకొచ్చి, సహచరులందరికీ పంచి, తనకు ఒకటి ఉంచుకుంటాడు. గంట తర్వాత మళ్లీ వెనక్కి. సాయంత్రం టీవీలో అతని పేరు వినపడదు.

ఈ త్యాగానికి చరిత్రలో నిలిచిన ముఖం రెనె వియెత్తొ. 1934 టూర్‌లో అతనికి ఇరవై ఏళ్లు, కొండలెక్కడంలో అందరికన్నా మిన్న. ఫ్రాన్స్ జట్టు నాయకుడు అంతొనాన్ మాన్య్ పిరనీ కొండల్లో దిగుతూ పడిపోయాడు, చక్రం పాడైంది. వియెత్తొ తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చేశాడు. మరో చక్రం వచ్చేదాకా దారి పక్క గోడ మీద కూర్చుని ఏడ్చాడు. ఆ ఫొటో ఇప్పటికీ సైక్లింగ్ పుస్తకాల్లో కనిపిస్తుంది. మర్నాడు మళ్లీ అదే గతి. నాయకుడు వెనక చిక్కుకుపోయాడని తెలిసి, ఎక్కి దిగుతున్న కొండనే మళ్లీ ఎదురెక్కి వెనక్కి పోయి ఈసారి సైకిలే ఇచ్చేశాడు. మాన్య్ టూర్ గెలిచాడు. వియెత్తొకు అయిదో స్థానం, కొండల బహుమతి. టూర్ మాత్రం అతను జీవితంలో గెలవలేదు. నాకు ఆ పందెంలో మాన్య్ కన్నా వియెత్తోనే పెద్దవాడు.

డబ్బు పంపకంలోనూ ఈ పద్ధతే నడుస్తుంది. టూర్ విజేతకు ఇచ్చే 5 లక్షల యూరోలు ఆనవాయితీగా సహచరులకూ, మెకానిక్కులకూ, మాలిష్ చేసేవాళ్లకూ పంచుతారు. నాయకుడికి అసలు ఆదాయం జీతం. పై అంచె జట్లలో కనీస జీతం ఏడాదికి 40 వేల యూరోల పైన. పెద్ద తారలకు అందుకు ఎన్నో రెట్లు.

ఈ వృత్తిలో పైకెక్కే మెట్లు ఇట్లా ఉంటాయి. 17, 18 ఏళ్లకు జూనియర్ రేసులు, తర్వాత 23 లోపువాళ్ల రేసులు. అక్కడ కంటపడితే మూడో అంచె కాంటినెంటల్ జట్టు, ఆపైన ప్రోటీమ్, అన్నిటికన్నా పైన వరల్డ్ టూర్. ఒప్పందాలు చాలామందికి ఒకటి రెండేళ్లవే. ఒక ఏడాది మోకాలు పట్టేస్తే తర్వాతి ఒప్పందం కోసం ఫోను మోగదు. ముప్ఫై అయిదు దాటాక మిగిలేది కొద్దిమంది. ప్రాణభయం ఉత్త మాట కాదు: 2023 జూన్‌లో టూర్ ఆఫ్ స్విట్జర్లాండ్‌లో కొండ దిగుతూ పడి 26 ఏళ్ల గీనో మేడర్ చనిపోయాడు. ఈ ఆటకు అంటిన మరకా చిన్నది కాదు. రేసర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ టైటిళ్లను డోపింగ్ కారణంగా 2012లో రద్దు చేశారు.

ఇంత దూరపు కొండ మన బోటివాళ్లు ఎక్కగలరా? ఆఫ్రికాలోని ఎరిట్రియా వైపు చూడండి. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం ఆ దేశ జనాభా 35 లక్షల ప్రాంతం. 2011 లెక్కల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభాయే 40 లక్షల పైన. రాజధాని అస్మారాలో ఒక వడ్రంగి కొడుకు బినియమ్ గిర్మాయ్, 2000లో పుట్టాడు. తన దేశస్తుడు డేనియల్ టెక్లెహైమనోత్ 2015 టూర్‌లో కొండల జెర్సీ వేసుకోవడం టీవీలో చూశాడు. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఏగిల్‌లో ప్రపంచ సైక్లింగ్ సంఘం నడిపే శిక్షణ కేంద్రానికి వెళ్లాడు. 2020లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2022 మార్చిలో బెల్జియంలో హెంట్-వేవెల్హెమ్ రేసు, మే నెలలో జీరో డి ఇటాలియాలో ఒక స్టేజి (ఒక రోజు పందెం) గెలిచాడు. 2024 టూర్‌లో మూడు స్టేజీలు గెలిచి, పాయింట్ల పోటీ విజేతకిచ్చే ఆకుపచ్చ జెర్సీ కూడా సొంతం చేసుకున్నాడు. టూర్‌లో స్టేజి గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ అతనే.

అతను ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇటలీ వలస పాలనలో ఆ దేశానికి సైకిల్ రేసులు వచ్చాయి. మొదట్లో నల్లవాళ్లను పోటీకి రానీయలేదు. 1939లో ఇటాలియన్లతో కలిసి తొక్కే అవకాశం వచ్చినప్పుడు గెబ్రెమరియం గెబ్రు గెలిచాడు. అస్మారా వీధుల్లో ఆ రేసుల సంప్రదాయం ఇప్పటికీ బతికే ఉంది. అక్కడి పిల్లాడు పదేళ్లకే ఇంకొకడి చక్రం వెనక నిలవడం, మలుపులో భుజం తగిలినా పడకపోవడం నేర్చేసుకుంటాడు.

మన దేశంలో ఆ గుంపే కరువు. 1948 లండన్, 1952 హెల్సింకి, 1964 టోక్యో ఒలింపిక్స్‌కు భారత సైక్లిస్టులు వెళ్లారు. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో మన సైక్లిస్టు లేడు. ఇటీవల మెరుపులు కనిపించింది వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల కోసమే కట్టిన ట్రాక్ మీద. 2018లో అండమాన్ కుర్రాడు ఈసో ఆల్బెన్ జూనియర్ ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చాడు. మరుసటి ఏడాది అతనూ రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కలిసి టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం కొట్టారు. మెరుపులు రోడ్డు మీద కాక ట్రాక్ మీద రావడం యాదృచ్ఛికం కాదు. టీమ్ స్ప్రింట్‌కు ముగ్గురు, ఒక గట్టి కోచ్, ఒక ట్రాక్ ఉంటే చాలు. హైదరాబాద్‌లోనూ 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్ కట్టారు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. రెండూ మంచివే. కానీ రోడ్డు రేసర్‌కు కావలసినవి వంద మంది పోటీదారులు, ట్రాఫిక్ ఆపిన దారి, వారం వారం పందెం. అవి కాంక్రీటుతో రావు.

బెంగళూరుకు చెందిన నవీన్ జాన్ ప్రయాణం దీనికి సాక్ష్యం. జాతీయ టైమ్ ట్రయల్ ఛాంపియన్ అయినా గుంపు విద్య ఇక్కడ దొరకక బెల్జియం వెళ్లి పల్లె రేసులు తొక్కాడు. 2016లో ఆస్ట్రేలియాకు చెందిన కాంటినెంటల్ జట్టులో చేరాడు, అదే ఏడాది దోహాలో ప్రపంచ పోటీల టైమ్ ట్రయల్ తొక్కాడు. అంటే మన దేశపు అత్యుత్తముడు ఆ వృత్తి మొదటి మెట్టు కోసం ఖండాలు దాటాల్సి వచ్చింది. 2026 జనవరిలో పుణె చుట్టూ అయిదు రోజుల పాటు 437 కిలోమీటర్ల అంతర్జాతీయ రేసు జరగడం అందుకే నాకు పెద్ద కబురు. విదేశీ జట్ల మధ్య మన కుర్రాళ్లు మన రోడ్ల మీదే తొక్కారు.

అయినా ఏడాదికొక పెద్ద రేసుతో పునాది పడదు. నవీన్ జాన్ తొక్కిన బెల్జియం పల్లె రేసులను కెర్మెస్ అంటారు. ఊరి చుట్టూ ఏడెనిమిది కిలోమీటర్ల దారి, దాన్నే పదిహేను చుట్లు, జాతర రోజున ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అటువంటి దారులు కోకొల్లలు. పెద్దమందడి చుట్టూ పల్లి చేల మధ్య ఎండ ముదరకముందే, ఆదివారం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఒక చుట్టు దారి మూసి, అడ్డరోడ్ల దగ్గర పోలీసులను, ఒక అంబులెన్సును నిలబెడితే చాలు. ఏ సైకిలున్నా రావచ్చు, హెల్మెట్ తప్పనిసరి. మొదటి ఆదివారం వచ్చే పాతిక మంది పిల్లల్లో సగం మంది రెండో చుట్టుకే విడిపోతారు, ఇద్దరు ముగ్గురు మలుపులో పడతారు. పదో ఆదివారానికి వాళ్లలో కొందరు ముందువాడి చక్రాన్ని వదలకుండా, బ్రేకు మీద చెయ్యి పోనీయకుండా, వంతులవారీగా గాలికి ఎదురు నిలుస్తూ తొక్కుతుంటారు.