బేరమాడే బలం ఉంటేనే గిట్టుబాటు

అరకు కాఫీ ధర అరకులో తేలదు, న్యూయార్క్ మార్కెట్‌లో తేలుతుంది. 2001లో అక్కడ అరబికా పౌను యాభై సెంట్ల దిగువకు పడింది, 2025 ఫిబ్రవరిలో నాలుగు డాలర్లు దాటింది. ఈ ఎగుడుదిగుళ్లకు చిన్న రైతు చితికిపోకూడదని 1988లో నెదర్లాండ్స్‌లో మాక్స్ హవెలార్ ముద్రతో ఫెయిర్ ట్రేడ్ కాఫీ మొదలైంది. మార్కెట్ పడినా రైతుల సంఘానికి కనీస ధర దక్కుతుంది, పెరిగితే పెరిగిన ధరే ఇస్తారు. పైన వచ్చే ప్రీమియాన్ని బడికో, ఆరబెట్టే కళ్లానికో సభ్యులే కేటాయించుకుంటారు. 2023లో కడిగిన అరబికా కనీస ధరను పౌనుకు 1.80 డాలర్లు చేశారు. మార్కెట్ నాలుగు డాలర్లున్నప్పుడు ఇదెందుకని అడిగేవారికి 2001 సంవత్సరమే జవాబు. అయితే ముద్ర ఉన్నంత మాత్రాన సరుకంతా ఆ ధరకు అమ్ముడవదు, తనిఖీల ఖర్చూ తప్పదు. ఈ అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే అసలు బలం ముద్రలో కంటే దాని వెనకున్న సంఘంలో ఉందంటాను.

అరకు, పాడేరు మన్యమే ఇందుకు రుజువు. ఎర్రగా పండిన కాఫీ పండుకు కోసిన రోజే పల్పింగ్ చేయాలి, అంటే తొక్క తీయాలి, లేకుంటే రుచి చెడుతుంది. యంత్రం, కళ్లం లేక, పైగా షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్న రైతు సంతలో చెప్పిన రేటుకే ఇచ్చేస్తాడు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీ కొనుగోలుకు దిగి రేటు ప్రకటించడంతో ప్రైవేటు వ్యాపారి మరీ తగ్గించలేని పరిస్థితి వచ్చింది. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో నడిచే గిరిజన రైతుల సహకార సంఘం ఇంకో అడుగు వేసి, పండ్లనే సేకరించి ఒకేచోట శుద్ధి చేయించింది. ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. జాలిపడి కొన్నవారు కాదు, రుచి చూసి కొన్నవారే దాన్ని నిలబెట్టారు. పారిస్ కప్పు ధరలో రైతు వాటా చిన్నదే కదా అంటారు. నిజమే, వేయించడం, అద్దె, జీతాలు అన్నీ అందులోనే. శుద్ధి, బ్రాండు రైతుల సొంతమైనంత మేరకే ఆ వాటా పెరుగుతుంది. సిల్వర్ ఓక్ నీడచెట్లకు పాకించిన మిరియాల తీగ, కాఫీ దెబ్బతిన్న ఏడు ఇంటిని కొంత ఆదుకుంటుంది.

మన్యం పాఠం మైదానానికీ వర్తిస్తుంది. రాయలసీమలో కుందూ నది ఒడ్డున ఉన్న ఉయ్యాలవాడ నల్లరేగడిలో కాఫీ పండదు, శనగ పండుతుంది. మద్దతు ధర ప్రకటించినా కొనుగోలు కేంద్రం తెరిచేదాకా ఆగే స్తోమత అప్పున్న రైతుకు ఉండదు. ఆగగలిగినవారు కోల్డ్ స్టోరేజీ అద్దె కట్టి ధర కోసం ఎదురుచూస్తారు. రైతు సంఘాలు మనదగ్గర నిలవవని పెదవి విరిచేవారున్నారు. సబ్సిడీ కోసం కాగితం మీద పుట్టినవి నిలవవు మరి. నూర్పిళ్ల నాడు సభ్యుడి చేతిలో డబ్బు పెట్టగలిగిన సంఘానికి సరుకు తనంతట తానే వస్తుంది. ఉయ్యాలవాడ రైతులు సంఘం పెట్టుకుంటే ముందు నిర్వహణ నిధి చూసుకోవాలి, తర్వాత గ్రేడింగు యంత్రం. ముద్ర సంగతి ఆ తర్వాతే.