నెల్లూరు తీరమును చూచు మార్గములు

ప్రయాణమనగానే మనకు ముందుగా స్ఫురించునది గమ్యము. ఎప్పుడు చేరుదుమా అను ఆత్రమే గాని, నడుమనున్న నేలను గూర్చిన తలంపు తక్కువ. చెన్నైనుండి విజయవాడకు రైలులో పోయి వచ్చినవారిని "నెల్లూరు చూచితిరా?" అని అడిగినచో, "చూడకేమి, స్టేషనులో కాఫీ త్రాగితిమి గదా!" అందురు. ఆ మాట అబద్ధము కాదు. కాని వారు చూచినది ప్లాట్‌ఫారము మాత్రమే. పెన్న కాలువల క్రింద పండు వరిచేలు, వానికి తూర్పుగా ఇసుకదిబ్బలు, సర్వితోటలు, పట్టపువారి పాలెములు, ఉప్పుటేరులు, వీనినన్నిటిని దాటి సముద్రము - ఇవి యేవియు రైలు మార్గమునకు కనబడవు.

దీనినిబట్టి ఒక చిన్న సూత్రము చెప్పుకొనవచ్చును. నేల మనకు ఎంతవరకు కనబడునన్నది మన కన్నులకంటె మన వేగముమీద ఎక్కువగా ఆధారపడియుండును. కావలినుండి తడవరకు గల తీరమును రైలు మీద, సైకిలు మీద, కాలినడకను చూచినవానికి మూడు వేరువేరు దేశములు చూచినట్లుండును. ఈ ప్రసంగమున ఆ మార్గములను గూర్చియు, మనము పోగొట్టుకొనిన మరియొక మార్గమును గూర్చియు ముచ్చటింప దలచితిని.

పూర్వులకు వేగమును ఎంచుకొను అవకాశము లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. సుమారు నూరుగురు పరివారముతో, మేనాలో, మజిలీ మజిలీకి ఆగుచు సాగిన ప్రయాణమది. ఆ నెమ్మది వలననే ఆయన వ్రాసిన యాత్రాచరిత్రలో ఊరూరి నీటి వసతి, సత్రములు, అంగళ్లు, జనుల ఆచారములు చోటు చేసికొన్నవి. ఆయన విమానమున పోయియున్నచో మనకు ఆ గ్రంథము దక్కెడిది కాదు.

నేడు మనకు రైలున్నది. దానిని నేను నిందింపను. అయితే నేలను చూడగోరువారు ఎక్స్‌ప్రెస్సును విడిచి, ప్రతి స్టేషనులోను ఆగు బండి నెక్కవలెను. తెల్లవారుజామున తూర్పు కిటికీ ప్రక్కన కూర్చుండి, కావలి, ఆవిరియంత్రముల కాలమున పేరు మోసిన బిట్రగుంట, పెన్న వంతెన, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా తడ వరకు పోయినచో, ఈ సీమ పొడవెంతయో, దానికి నీరు ఎక్కడెక్కడ అందుచున్నదో ఒక స్థూలమైన పటము మనస్సులో నిలుచును. రైలు పటమును చూపును. పటము అవసరమే కాని, పటము ఊరు కాదు.

ఊరిని చూపుటకు ఒకప్పుడు ఎద్దుబండి యుండెడిది. ఈ ప్రాంతపు ఎద్దుల ఖ్యాతి చిన్నది కాదు. మనము ఒంగోలు జాతి యని పిలుచు పశువులు సముద్రములు దాటి బ్రెజిలు దేశమునకు చేరి, అక్కడ మన నెల్లూరు పేరిటనే "నెలోరి" అని పిలువబడుచు కోట్ల సంఖ్యలో వృద్ధి పొందినవి. ఇచ్చట బండ్లు తగ్గినవి. ఆ స్థానమును సైకిలు తీసికొనవచ్చును. నెల్లూరునుండి ఇందుకూరుపేట మీదుగా మైపాడు సముద్రతీరమునకు ఇరువదియైదు కిలోమీటర్లకు మించదు. సంక్రాంతి దినములలో సైకిలుమీద ఈ దారిని పోయి చూడుడు. మొదట నల్లని ఒండ్రునేల, కాలువ నీరు, మొలగొలుకులకు పేరుపొందిన వరిపొలములు. కొంత దూరము పోవుసరికి చక్రము క్రింద నేల తెల్లబారును. తాటిచెట్లు, సర్వితోటలు వచ్చును. పెన్న వేల సంవత్సరములుగా మోసికొని వచ్చిన మట్టి ఎచ్చట ముగిసినదో, సముద్రము పోసిన ఇసుక ఎచ్చట ఆరంభమైనదో మీ కాళ్లకే తెలియును. మోటారులో పోవువానికి ఈ మార్పు తెలియదు.

ఇసుకదిబ్బల దగ్గర సైకిలును కూడ విడువవలెను. అచ్చటినుండి కాలినడకయే శరణ్యము. కొన్ని సంవత్సరముల క్రిందట, అలివి వల లాగువారి పాటలను రికార్డు చేయుటకై ఒక పాలెమునకు జీపులో పోయితిమి. ఇసుకలో చక్రములు దిగబడినవి. ఆ ఉదయము నా యంత్రములో పడినది ఇంజను రొద మాత్రమే. ఒక వృద్ధుడు నవ్వి, "బండి దిగి నడిచి రాండయ్యా. వలకు తొందర పనికిరాదు" అనెను. నడిచి పోయి, వలత్రాడు ప్రక్కన రెండు గంటలు కూర్చున్న తరువాతనే ఆ పాట నాకు దక్కినది.

ఆ దినము తిరిగి వచ్చుచు నేను మొదటిసారిగా దొరువును శ్రద్ధగా చూచితిని. సముద్రమునకు కూతవేటు దూరమున, ఇసుకలో ఏటవాలుగా త్రవ్విన గుంట అది. రైతు రెండు కుండలతో అందులోనికి దిగి, నీరు ముంచుకొని వచ్చి మడులకు పోయుచుండెను. నోటిలో పోసికొని చూచితిని, తియ్యని నీరు! కారణము సులభమైనదే. వాననీరు ఇసుకలో ఇంకి, అడుగుననున్న ఉప్పునీటికంటె తేలిక గనుక దానిపైన పొరవలె నిలుచును. దొరువు లోతు తక్కువగా ఉన్నంతవరకు, అవసరమైనంతయే తోడుకొన్నంతవరకు ఆ పొర చెదరదు. లోతుగా బోరు వేసి మితిమీరి తోడినచో క్రిందనున్న ఉప్పు పైకి వచ్చును. మరల తియ్యనగుట కష్టము. ఇంతటి శాస్త్రమును కుండలు మోయు రైతు తరతరములుగా ఆచరించుచున్నాడు. నడిచినవానికి గాని అది కనబడదు.

నడకకంటె నెమ్మదియైన పద్ధతి యొకటి కలదు - ఒకచోట కదలక నిలుచుట. దానికి తగిన స్థలము పులికాట్ సరస్సు. చిలికా తరువాత మన దేశమున పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదియే. ఇందులో ఎక్కువ భాగము ఆంధ్రదేశమున నున్నది. పెక్కుచోట్ల లోతు నిలువెత్తుకు రాదు. 2022లో తిరుపతి జిల్లాలో చేరిన సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు రోడ్డు ఈ నీటిని చీల్చుకొని సాగును. 1971నుండి రాకెట్లు ఎగయుచున్న ఆ దీవికి పోవు దారిలోనే, చలికాలమున ఫ్లెమింగోలు వేలకొలదిగా బురదనీటిలో నిలిచి, తల తలక్రిందులు చేసి, ముక్కుతో నీటిని జల్లించి ఆహారము తీసికొనుచుండును. కారు ఆపకపోయినచో అది ఒక గులాబిరంగు గీత. అరగంట నిలిచినచో అది ఒక సంసారము. సమీపముననున్న నేలపట్టు చెరువులో, 1976లో రక్షితస్థలముగా ప్రకటింపబడిన చోట, గూడకొంగలు నీటిలో నిలిచిన కడప చెట్లపై గూళ్లు కట్టును. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పొలములకు బలమని అచ్చటి రైతులు చెప్పుదురు. పక్షులను వారు కాపాడుటకు అదియు నొక కారణము.

ఇక మనము పోగొట్టుకొనిన మార్గము. మైపాడు దారిలో సముద్రమునకు కొంచెము ముందుగా ఒక వంతెన వచ్చును. దాని క్రిందనున్నది బకింగ్‌హామ్ కాలువ. 1806లో చెన్నపట్టణమునుండి ఎన్నూరునకు త్రవ్విన చిన్న కాలువతో ఇది ఆరంభమైనది. తరువాత దశాబ్దములలో ఉత్తరముగా పెరుగుచు పెదగంజాము చేరి, అచ్చట కొమ్మమూరు కాలువతో కలిసి కృష్ణా డెల్టాకు దారి చూపినది. 1876-78 నాటి ధాతకరువులో, ఆకలిగొన్న కూలీల చేతులతో చెన్నపట్టణములోని కూవము, అడయారు నదుల నడుమ భాగము త్రవ్వబడగా, నాటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దీనికి పెట్టిరి. మొత్తము సుమారు 420 కిలోమీటర్లలో 257 కిలోమీటర్లు ఆంధ్రదేశముననే కలవు.

ఇది సముద్రపు పోటుపాటులకు లోబడిన ఉప్పునీటి కాలువ. నదులు అడ్డువచ్చినచోట లాకులుండెడివి. గాలి అనుకూలమైనప్పుడు తెరచాప ఎత్తెడివారు. లేనప్పుడు గడలతో త్రోసెడివారు. లేదా గట్టుమీద నడుచుచు త్రాటితో లాగెడివారు. ఉప్పు, సర్వికట్టెలు, ధాన్యము చెన్నపట్టణమునకు పోయెడివి. మా తాతగారు చిన్నతనమున కట్టెల పడవమీద పోయిరట. ఆ ప్రయాణమును గూర్చి చెప్పునప్పుడు ఆయన చేరిన నగరమును గూర్చి ఒకటి రెండు మాటలతో ముగించెడివారు. దారిని గూర్చి మాత్రము రాత్రులు రాత్రులు చెప్పెడివారు. పడవ వేగము మనిషి నడక వేగమే. కాని కాళ్లకు శ్రమ లేదు. ఒక ప్రక్క పొలములు, ఒక ప్రక్క సముద్రపు హోరు. తీరమును చూచుటకు ఇంతకంటె మేలైన ఆసనము మరియొకటి లేకుండెను.

రైలు, లారీ వచ్చి సరుకును తీసికొని పోయినవి. 1960 దశకమునందును, 1976లోను వచ్చిన తుపానులు గట్లను, లాకులను దెబ్బతీసినవి. నేడు పెక్కుచోట్ల పూడిక, సర్కారు తుమ్మ మిగిలినవి. 2008లో ఈ కాలువను నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చిరి. అయినను నెల్లూరు సీమలో ఆ పడవల రాకపోకలు మరల వెనుకటివలె సాగలేదు.

అయినను ఆ కాలువ మనలను మరువలేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, తీరమునకు ఒకటి రెండు కిలోమీటర్ల లోపల దానికి సమాంతరముగా సాగు ఈ కాలువ అలల నీటిని తనలోనికి తీసికొని, దాని ఉరవడిని పెక్కుచోట్ల తగ్గించినది. నిండిన నీరు కొద్ది నిమిషములలోనే సముద్రమునకు మరలినదని పరిశీలించినవారు వ్రాసిరి. పనికిరానిదని మనము విడిచిన త్రోవ ఆ ఉదయమున ఎందరికో అడ్డుగోడయైనది.

ఇట్టి కాలువ కథ యొకటి అమెరికాలోను జరిగినది. వాషింగ్టన్ నగరమునుండి పోటోమాక్ నది వెంబడి కంబర్లాండు వరకు సుమారు 300 కిలోమీటర్ల కాలువ 1924లో మూతపడినది. దాని గట్టుమీద మోటారు రోడ్డు వేయవలెనన్న ప్రతిపాదనను ఒక ప్రముఖ పత్రిక సమర్థింపగా, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ సంపాదకులను, "ముందు నాతో నడిచి చూడుడు" అన్న భావముతో ఆహ్వానించెను. 1954 మార్చిలో ఎనిమిది దినములు ఆ గట్టువెంట నడక సాగినది. ఆసాంతము నడిచినవారు తొమ్మిదిమంది మాత్రమే. కాని నడిచిన పత్రికవారి అభిప్రాయము మారినది. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానవనమైనది. నేడు జనులు దాని గట్టుమీద సైకిళ్లు త్రొక్కుచు, నడుచుచు అమెరికా పల్లెసీమలను చూచుచున్నారు. ఆ కాలువను కాపాడినది వాదము కాదు, నడక.

మన కాలువకు అట్టి భాగ్యము పట్టునో లేదో చెప్పలేను. కాని చూడనిదానిని ఎవరును కాపాడరు. కావున ఈ చలికాలమున, వర్షములు వెనుకబట్టి చేలు పచ్చగా నున్న జనవరి మాసమున, పిల్లలను వెంటబెట్టుకొని ఒక్కదినము బయలుదేరుడు. ఆగు బండిలో రండు, సైకిలు మీద పొండు, ఇసుకలో నడువుడు. ఎండకు గొడుగు, త్రాగుటకు నీరు మరువకుడు. వంతెన వచ్చినప్పుడు దిగి, కాలువ గట్టుమీద ఒక్క ఫర్లాంగు దూరమైనను నడిచి చూడుడు. "ఇచ్చట పడవలు పోయెడివి" అని పిల్లలకు చెప్పుడు. "మరల ఎప్పుడు పోవును?" అని వారు అడుగుదురు. ఆ ప్రశ్న పెద్దల చెవిని పడవలసియున్నది.