పరిగె లేని పొలములు



పరిగె ఏరుట అంటే ఏమిటో నేటి మన పిల్లలకు తెలియదు. రూతు సంగతి చెప్పునప్పుడు ఆ మాటకు అర్థము విప్పి చెప్పవలసి వస్తున్నది. మా చిన్నతనములో గోదావరి డెల్టాలో కోతలు ముగిసిన చేలలో తల్లులు, పిల్లలు రాలిన వెన్నులు ఏరుకొనేవారు. ఆ గింజలతో కొన్ని దినములు పొయ్యి వెలిగేది.

ఈ మార్పు ఒక్కనాడు రాలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువ నీటితో డెల్టా వరి సీమ అయినది. 1966లో ఫిలిప్పీన్సు నుండి ఐ.ఆర్.8 అనే పొట్టి వరి వంగడము వచ్చినది. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దానిని పండించి చూపారు. పాత రకములు ఎరువు వేస్తే ఏపుగా పెరిగి పడిపోయేవి. పొట్టి రకము నిలబడి గింజనిచ్చినది. దిగుబడి పెరిగినది, ఊడ్పులకు, కోతలకు కూలీల గిరాకీ కూడ పెరిగినది.

పాత రోజులన్నీ మంచివని మేము చెప్పము. చిన్న అప్పుకు ఏండ్ల తరబడి కామందు ఇంట పాలేరుగా బ్రతికినవారు మన సంఘములలోనే ఉన్నారు. వెట్టిచాకిరిని రద్దు చేసిన చట్టము 1976లో గాని రాలేదు.

తరువాత కోత మిషను వచ్చినది. పది మంది దినమంతా కోసే ఎకరము, గంట సేపటిలో పూర్తగుచున్నది. కళ్ళములో కుప్ప నూర్పు లేదు, కూలి గింజలు లేవు. గడ్డి నలిగి చెదరిపోవుటచే పశువులకు మేత కరవైనది. పని తగ్గిన తల్లులు కొందరు బిడ్డలను అమ్మమ్మల యొద్ద విడిచి గల్ఫు దేశములకు వెళ్ళారు.

మిషనును నిందించి ప్రయోజనము లేదు. కౌలు చెల్లించవలసిన రైతు, వాన ముంచుకొస్తుంటే కూలీల కొరకు ఎంతకాలమని ఎదురుచూస్తాడు? అతని కష్టమూ కష్టమే.

అయితే ఒక సంగతి గమనించండి. మడి మూలలు మిషనుకు అందవు, వాటిని చేతితోనే కోయాలి. చేను గల సహోదరులారా, ఆ నాలుగు మూలలు ఈ ఏడు మీ వీధిలోని విధవరాలికి విడిచిపెట్టండి. మీ గాదె తరగదు, ఆమె పొయ్యి వెలుగుతుంది.